చిన్నవెంకటమ్మ రేడియో ఆగకుండా

రాబర్ట్‌సన్‌పేట బజారులో సౌభాగ్యది బ్యాటరీల అంగడి. వాళ్ల నాన్న రామాంజినప్ప అక్కడి కోలారు బంగారు గనిలో, కార్మికుల టోపీ దీపాల గదిలో పనిచేసేవాడు. వాళ్లు పైకి వచ్చాక ఆ దీపాలకు ఛార్జి ఎక్కించడం ఆయన పని. గని మూతపడ్డాక అదే విద్యతో అంగడి తెరిచాడు. కూతురు బడి నుంచి నేరుగా అక్కడికే వచ్చేది. ఆయనకు నడుము పట్టేశాక అంగడి ఆమె చేతికొచ్చింది.

మొదట్లో జనం, "మొగోళ్లు ఎవరూ లేరామ్మా?" అని అడిగేవాళ్లు.

"ఉండారు, ఇంట్లో వంట చేస్తా ఉండారు" అనేది. అబద్ధమేమీ కాదు. రామాంజినప్ప వంకాయ పులుసు వాసన వీధి చివరిదాకా వచ్చేది.

ఒక మధ్యాహ్నం ఆవని పల్లె నుంచి అంబరీష్ అనే టమాటా రైతు పాత కారులో వచ్చాడు. పక్క సీట్లో వాళ్లమ్మ చిన్నవెంకటమ్మ. ఆమెకు చూపు పోయి చాన్నాళ్లయింది.

"బ్యాటరీ మార్చల్ల అక్కా. అయితే రేడియో మాత్రం పోకూడదు" అన్నాడు.

ఆ రేడియో బటన్లు చిన్నవెంకటమ్మ వేళ్లకు తెలుసు. మూడోది నొక్కితే తెలుగు పాటలు. పోయినసారి దారిలో ఎవరో మెకానిక్ బ్యాటరీ ఊడదీస్తే రేడియోకు తాళం పడి, కోడ్ నంబరు అడిగింది. బెంగళూరుకు తీసుకెళ్లి విప్పించేదాకా ఆమె కారులో నోరు విప్పలేదు. ఆ నంబరు రాసుకున్న ఫోను తర్వాత కోలారు మార్కెట్లో పోయింది.

"బండి స్టార్ట్ అయితా ఉండాదా?"

"గునుస్తాది, కానీ అయితాది."

"అట్లయితే ఇంగ ప్రాణం ఉండాది. పూర్తిగా చచ్చుంటే రేడియోకు ఈపాటికే తాళం పడుండేది, నేను చేసేదేమీ ఉండదు."

అద్దాలు దించి, తాళంచెవి తీసేయమంది. "అవ్వా, నేను చెప్పేదాకా తలుపు తీయొద్దు. తీస్తే లోపల లైటు వెలిగి కరెంటు తాగేస్తాది" అని హెచ్చరించింది.

"ఈ మోకాళ్లతో నేను యాడికి పోతానమ్మా!"

సౌభాగ్య ఒక చిన్న బ్యాటరీ తెచ్చి, దాని ప్లస్ వైరును కారు ప్లస్ కేబుల్ కొసకు, మైనస్ వైరును ఇంజన్ ఇనుముకు క్లిప్పులతో తగిలించింది. పెద్ద బ్యాటరీ తీసినా రేడియోకు దీని నుంచి కరెంటు అందుతుంది. ముందు మైనస్, తర్వాత ప్లస్ ఊడదీసి, ఆ ప్లస్ కొస దేనికీ తగలకుండా రబ్బరు చుట్టింది. పాతదాన్ని ఎత్తి కిందపెట్టింది. కొత్తది దించి చూస్తే, ప్లస్ కేబుల్ అందలేదు. తొందరలో ప్లస్ ఎడమపక్క ఉండే రకం తెచ్చింది!

అంతలో ప్లస్ కొసకున్న క్లిప్పు జారబోయింది. గబుక్కున చేత్తో అదిమి పట్టుకుంది.

"తమ్ముడూ, తప్పు నాదే. నేను చెయ్యి తీసేదానికి లేదు. లోపల రెండో అరలో ఇట్లాంటిదే ఉండాది, ప్లస్ కుడిపక్క ఉండేది. పట్టుకొని రా."

అంబరీష్ పరుగెత్తాడు.

కిటికీలోంచి చిన్నవెంకటమ్మ అడిగింది: "ఏమైందమ్మా? నా పాటలు పోయినాయా?"

"పోలేదవ్వా, నా గుప్పిట్లో ఉండాయి."

ముసలామె గలగలా నవ్వింది. "గట్టిగా పట్టుకో తల్లీ! వీడికి పెండ్లిచూపులకు పోయినప్పుడు గూడా నేనింత భయపడలేదు."

అంబరీష్ సరైన బ్యాటరీ మోసుకొచ్చాడు. సౌభాగ్య క్లిప్పు అదిమే ఉంచింది, అతనే ముందుదాన్ని తీసి దీన్ని దించాడు. అతను రబ్బరు విప్పి ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించాక, ఆమె చిన్న బ్యాటరీ వైర్లు తీసేసింది. చెయ్యి తిమ్మిరెక్కింది.

తాళం తిప్పగానే ఇంజన్ అందుకుంది. చిన్నవెంకటమ్మ వేళ్లతో వెతికి మూడో బటన్ నొక్కింది. పాట సగంలోంచి మొదలైంది. ఆమె తల ఊపసాగింది.

అంబరీష్ గేరు వేయబోతే సౌభాగ్య ఆపింది. "ఉండప్పా, పాట అయిపోనీ."

కారుకు ఆనుకుని, తిమ్మిరెక్కిన చెయ్యి రుద్దుకుంటూ తనూ చివరిదాకా విన్నది.