పలకరాయి మీద చేపవడలు

ఆ రోజుల్లో, అంటే మేమింకా మద్రాసు గవర్నరు ఏలుబడిలో ఉన్నప్పుడు, మార్కాపురంలో పెళ్ళికానివాడికి, అందులోనూ నీసు తినేవాడికి అద్దెగది దొరకడమంటే మాటలు కాదు. వెలిగండ్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి పలకల కార్ఖానాలో గుమాస్తాగా చేరిన నాకు మూడు వారాలు సత్రం అరుగే దిక్కయింది. చివరికి ఒక శెట్టిగారింటి అవ్వ జాలిపడి పెరటివైపు గది ఇచ్చింది. వండుకోవడానికి తన పెనం కూడా ఇచ్చి, ఒకే మాట చెప్పింది: "నీసు వాసన నా గడప తొక్కినరోజు నీ పెట్టె వీధిలో ఉంటది నాయనా." నేను తలూపాను. (అరుగు మీద పడుకుని వచ్చినవాడు దేనికైనా తలూపుతాడు.)

ఆర్నెల్లు బుద్ధిగానే ఉన్నాను. ఒక ఆదివారం అవ్వ త్రిపురాంతకం దర్శనానికి బస్సెక్కింది. ఆ పూటే మా కార్ఖానాలో పనిచేసే బావ (పిలుపుకే బావ, చుట్టరికమేమీ లేదు) కంభం చెరువు నుంచి చిటికెనవేలంత చేపల్ని తడిగుడ్డలో మూటగట్టుకొని దిగాడు.

"అవ్వ సాయంత్రం దాకా రాదులే బావా, పెనం పెట్టు" అన్నాడు.

"పెనం అవ్వది. దానికి నీసు తగలకూడదు. మనకు పలకరాయి ఉంది గదా" అన్నాను.

కార్ఖానాకు వచ్చే రాళ్ళ లెక్క రాసుకుంటూ, పొద్దస్తమానం వాటిని వేలితో తట్టి మంచీచెడూ తేల్చేవాణ్ణని నాకు మహా గర్వం. కార్ఖానా నుంచి తెచ్చి గోడవార పడేసిన ముక్కల్లో నల్లటి రాయి ఒకటి ఏరి, శుభ్రంగా ఉండాలని గంటసేపు నీళ్ళతొట్టిలో నానబెట్టి మరీ కడిగాను. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టాం. తల, పొట్ట తీసిన చేపల్ని ఉప్పుతో రుద్ది, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలు, శనగపిండితో కలిపి, అరచేతిలో తట్టి, నూనె రాసిన రాయి మీద వేశాం. మొదటి వాయి అంచులు కరకరలాడుతూ ఎర్రగా కాలింది. బావ నోరు కాల్చుకుంటూ తిన్నాడు. రెండో వాయి వేశానో లేదో, పొరల్లోకి దిగిన నీళ్ళు ఆవిరై రాయి ఢామ్మని పేలింది. వడలు గాల్లోకి లేచాయి. ఒకటి బావ భుజం మీద, ఇంకొకటి పెరటిగుమ్మంలో నిలబడ్డ అవ్వ కాళ్ళ ముందు పడ్డాయి. (ఆవిడెక్కిన, బొగ్గుతో నడిచే బస్సు పొలిమేర దాటకుండానే మొరాయించిందట.)

"ఏంది నాయనా ఆ చప్పుడు?"

"పలక ఎంత వేడికి ఆగుతాదో చూస్తాండాం అవ్వా" అన్నాను.

ఆవిడ కాళ్ళ ముందు పడినదాన్ని వంగి చూసింది. "దానికి ఉల్లిగడ్డ గూడా ఏసినారా?"

నేను లోపలికి పోయి పెట్టె సర్దుకోసాగాను. మళ్ళీ సత్రం అరుగే గతి అనుకుంటే నిజంగానే ఏడుపొచ్చింది. అవ్వ గుమ్మం దగ్గరికి వచ్చింది. గోడకు వేలాడుతున్న పెనం తీసి వాసన చూసింది. అటు తిప్పి మళ్ళీ చూసింది.

"దీన్ని ముట్టలేదా?"

"లేదవ్వా. అది నీది గదా."

పెనాన్ని నా చేతిలో పెట్టింది. "పెట్టె ఆడ పెట్టు. ఈ పెనం ఇంక నీదే, పెరటిగోడ అవతల పెట్టుకొని వండుకో. రాళ్ళు మాత్రం పేల్చమాక, నా గుండె ఆగేట్టుంది."

ఆ పెనం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఇల్లు నాది, పొయ్యి నాది. నూనె ముట్టొద్దని డాక్టరు చెప్పాడు, ముట్టనివ్వనని కోడలు కూర్చుంది. ఆమె గుడికి పోయిన రోజున చిన్నచేపలు తెప్పించుకొని, ఈ వయసులో ఇదేం బుద్ధి అనుకుంటూనే, నాలుగు వడలు తడతాను. ఎంత దొంగతనంగా కాల్చుకున్నా మధ్యమధ్య పెరటిగుమ్మం వైపు చూస్తూనే ఉంటాను. కోడలు వస్తుందేమోనన్న భయం కొంత ఉన్నమాట నిజమే, కానీ అక్కడ అవ్వ నిలబడి ఉంటే బాగుండునని ఎక్కువగా అనిపిస్తుంది.