డెబ్బై రెండు కేజీల బిగింపు

రాయదుర్గంలో పీరాసాబ్ షెడ్డుకు బోర్డు లేదు. బిగింపు కొలిచే పానా అసలే లేదు. ఉన్నదల్లా ఒక ఇనుప పైపు, దాని మీద ఆకురాయితో గీసిన ఒక గీత. పని నేర్పిన బళ్ళారి ఉస్తాదు ఇరవై ఏళ్ల కిందట పీరాసాబ్‌ను కాటా ఎక్కించి, డెబ్బై రెండు కేజీలని చూసి మరీ ఆ గీత గీశాడు. ఇంజిను పక్కనుండే క్రాంకు పుల్లీ బోల్టుకు పానా తగిలించి, పానాకు పైపు తొడిగి, సరిగ్గా గీత మీద నిలబడాలి. మనిషి బరువే కొలత. ఆ తర్వాత పీరాసాబ్ మళ్లీ కాటా ఎక్కలేదు. గీత అరగనప్పుడు మనిషి మాత్రం ఎందుకు అరుగుతాడనుకున్నాడో ఏమో!

రెండు వేల నాలుగు ఎండాకాలం. అంతకు నెల ముందు అతను బిగించిన బోల్టు కుందుర్పి దారిలో వదులైపోయి ఆంజనేయులు కారు ఇంజిను పాడైంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు "బోల్టే నాసిరకం" అన్నాడు పీరాసాబ్. ఊరు నమ్మలేదు. పది రోజులుగా షెడ్డుకు ఒక్క బండీ రాలేదు. అలాంటప్పుడు పొలమూ రాజకీయమూ రెండూ చేసుకునే విష్ణువర్ధన్ కారు తెచ్చాడు. వాళ్లమ్మ లక్ష్మీనరసమ్మకు గుండె జబ్బు. రాత్రికల్లా బెంగళూరు ఆస్పత్రిలో చేర్చాలి. ఇంజిను లోపలి పాత బెల్టు మార్చందే అంత దూరం పోలేరు. ఆ బోల్టు ఊడందే బెల్టు రాదు.

"పీరన్నా, అందరూ వద్దన్నా నీకాడికే వచ్చినా. దోవలో బండి నిలిస్తే మాయమ్మ నాకు దక్కదు" అన్నాడు విష్ణువర్ధన్.

పీరాసాబ్ ముందు చక్రం ఊడదీసి, ఇంజిను తిరక్కుండా అడ్డం పెట్టి, పైపెక్కి నిలబడ్డాడు. బోల్టు కదల్లేదు. ఊగాడు. ఎగిరి దూకాడు. పానా జారి మోకాలు బంపరుకు కొట్టుకుంది. నాలుగేళ్ల కిందట తను బిగించిన బోల్టే అది. చివరికి విష్ణువర్ధన్ "జరుగన్నా" అంటూ తన భారీ శరీరంతో పైపెక్కాడు. టక్కుమని బోల్టు వదిలింది.

"వయసైపాయ నీకు!" అని నవ్వాడు. పీరాసాబ్‌కు నవ్వు రాలేదు, సిగ్గేసింది.

బెల్టు మారింది. బోల్టు ఎక్కించి, గీత మీద నిలబడి, పైపు ఇంక దిగదని తెలిసేదాకా ఆగాడు. చక్రం బిగించాడు. తల్లీకొడుకులు కారెక్కారు. ఇంజిను చక్కగా పలికింది.

అప్పుడు ఇందాక బోల్టు మొరాయించడం గురించి ఆలోచన వచ్చింది. దాని మరలకు తుప్పు లేదు, నూనెతో మెరుస్తూ ఊడింది. మరి తన బరువుతో బిగిసింది తన బరువుకు ఎందుకు వదల్లేదు? నడుము దగ్గర ప్యాంటు జారుతుంటే పైకి లాక్కున్నాడు. "ఎండిపోతాండావ్, డాక్టరుకు చూపిచ్చుకో" అని భార్య దాదాబీ ఆరు నెలలుగా నెత్తీ నోరూ కొట్టుకుంటోంది. ఎండలకులే అని కొట్టిపారేశాడు. ఇప్పుడు అర్థమైంది. కారు కదులుతోంది.

ఉరికిపోయి బానెట్టుకు అడ్డం పడ్డాడు.

"దిగన్నా! బోల్టు సరిగ్గా బిగీలేదు."

"ఏమప్పా, తమాషానా? టైము పోతాంది!" విష్ణువర్ధన్ అరిచాడు.

"బరువు తగ్గిపోయినా అన్నా. ఆ పొద్దు ఆంజనేయులు కారు చెడగొట్టింది గూడా నేనే. బోల్టు తప్పేం లేదు."

చెప్పడమైతే చెప్పేశాడు. ఇక ఈ ఊళ్లో తన పని అయిపోయిందనే అనుకున్నాడు. విష్ణువర్ధన్ అతని రెక్క పట్టుకుని ఎదురుగా ఉన్న శనక్కాయల మండీకి లాక్కుపోయి కాటా ఎక్కించాడు. యాభై ఒకటి.

మండీలో ఇరవై ఒక్క కేజీల శనక్కాయలు సంచిలో తూయించుకున్నారు. మళ్లీ చక్రం విప్పారు. పీరాసాబ్ మూట భుజాన వేసుకుని, ఆయాసపడుతూ గీత మీద నిలబడ్డాడు. ఇందాక ఇంక దిగదనుకున్న పైపు కిర్రుమంటూ దిగింది. బోల్టు ఇంకా తిరిగింది. ఆ తిరిగినంత మేర చూసి విష్ణువర్ధన్ ముఖం పాలిపోయింది. వెనక్కి తిరిగి తల్లి వైపు చూశాడు.

అంతా చూస్తున్న లక్ష్మీనరసమ్మ వెనక సీట్లో పక్కకు జరిగింది.

"ఎక్కు పీరాసాబూ. మేం పోయేదీ ఆస్పత్రికే గదా. నీ ఇరవై ఒక్క కేజీలు యాడ పోయినాయో ఆ డాక్టర్నే అడుగుదాం."

పీరాసాబ్ మూట దించి, చక్రం బిగించాడు. కళ్లు తుడుచుకుని, దాదాబీకి కబురంపి, కారెక్కాడు.

"అన్నా, ఊరు దాటేముందు ఆంజనేయులు ఇంటికాడ ఒక్క నిమిషం ఆపు."