గొంతు దగ్గర ఎత్తిన పిడికిలి

ముందు శబ్దం వస్తుంది. లోయ మలుపు అవతల ఎవరో తడిగుడ్డను ఆగి ఆగి చింపుతున్నట్టు, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటున్నట్టు ఉంటుంది. కిన్‌లారిగ్ ఊళ్లో కిటికీల దగ్గర టీ తాగుతున్నవాళ్లు ఆ శబ్దానికి తలెత్తి చూడరు. గొర్రెలు కూడా మేత ఆపవు. ఇష్బెల్ వస్తోంది, అంతే. ఇంజన్ గొంతు బాగా ఎరిగినవాళ్లు మాత్రం ఇంకో ముక్క కలుపుతారు: "ఇవాళ కోపంగా ఉన్నట్టుంది."

ఆ వసంతంలో రోజూ కోపంగానే ఉండేది.

వానలోంచి ముందు దీపం, తర్వాత గీతలు పడ్డ హెల్మెట్, దాని కిందనుంచి జారిన తెల్లని జడ కనిపించేవి. ఆ బండికి సీటు ఉన్నా లేనట్టే. అది నిలబడి నడిపే కొండ మోటార్‌సైకిల్. అరవై దాటిన ఇష్బెల్ మాక్‌ఫీ దాని మీద నిటారుగా నిలబడి, సైకిల్ షాపు గోడకు బండిని ఆనించి, ఎడమ కాలిని రెండు చేతులా పట్టుకుని ఎత్తి, అవతల పెట్టి దిగేది. కాలు తన మాట వినడం మానేసి రెండేళ్లయింది.

షాపు నడిపేది ఆమె అన్న కూతురు ఫినోలా.

"అత్తా, ఆ కాలు నీదేనా, అద్దెకు తెచ్చావా?"

"అద్దెదైతే ఎప్పుడో తిరిగిచ్చేసేదాన్ని. క్లచ్ తీగ ఉందా?"

"ఉంది. నీకు మాత్రం అమ్మను. డాక్టరమ్మ ఏమంది?"

"జూన్‌లో తుంటి కోసి కొత్తది పెడతానంది. ఆ తర్వాత మోటార్‌సైకిల్ వద్దు, కొండ సైకిల్ వద్దు, ఈత కొట్టుకోమంది. ఆవిడ జన్మలో బండెక్కిందా?"

"ఎక్కినట్టు లేదు."

"అయితే ఆవిడ మాటలు నాకు అప్పజెప్పకు. తీగ ఇవ్వు."

ఫినోలా తీగ ఇచ్చింది. ఇవ్వకపోతే ఎక్కడో తుప్పుపట్టినది తెచ్చి బిగించుకుంటుందని ఆ పిల్లకు తెలుసు. ఆ వసంతంలో మేనత్తకు ఏం కావాలో కూడా తెలుసు. ఊరందరికీ తెలుసు. గొంతు దాటాలి. ఒక్కసారి, కాలు కింద పెట్టకుండా.

గొంతు అంటే ఊరి వెనక కొండ మీద వాగు దిగేచోట రెండు పెద్ద బండల మధ్య ఉన్న ఇరుకు దారి. మే నెల మొదట్లో వచ్చే మోటార్‌సైకిల్ క్లబ్బు పోటీలో అన్నిటికంటే మొండి చోటు అదే. అది వేగం పోటీ కాదు. కింద రెండు జెండాలు, పైన రెండు జెండాలు. నడుమ ఉన్న రాళ్లు, బురద, చెట్ల వేళ్లు బండి మీదే దాటాలి. కాలు ఒకసారి నేలకు తగిలితే తప్పు మార్కు ఒకటి. మళ్లీ మళ్లీ తగిలితే మూడు. బండి ఆగినా, పడినా అయిదు. చివరికి ఎవరికి తక్కువైతే వాళ్లదే కప్పు. ప్రతి చోటా పైన ఒక కాపలామనిషి నిలబడి కాళ్లనే చూస్తుంటాడు. కాలు తగిలితే వేళ్లు చూపిస్తాడు. ఎక్కడా తగలకపోతే పిడికిలి బిగించి ఎత్తుతాడు. పిడికిలి అంటే సున్నా. దాని కోసమే గుండెలు గట్టివనుకున్న మగవాళ్లు కూడా ఆ బండల దగ్గర కళ్లు తుడుచుకున్నారు.

కొండ క్లబ్బువాళ్లది కాదు, దొరల ఎస్టేటుది. పోటీ రోజు తప్ప గొంతులోకి చక్రం పెట్టకూడదన్న ఒప్పందం మీద ఇస్తారు. అందుకే అక్కడ సాధన చేయడం ఎవరికీ కుదరదు. ఏడాదికి ఒక్క రోజు, ఒక్క ప్రయత్నం. అది పోతే మళ్లీ మంచు కురిసి కరిగేదాకా ఆగాలి.

ఇష్బెల్ పందొమ్మిదో ఏట పోటీకి పేరివ్వడానికి వెళ్లింది. అప్పటికే అన్న మోటార్‌సైకిల్ మీద, అన్న లేనప్పుడు, తప్పిపోయిన గొర్రెల కోసం కొండలన్నీ తిరిగేది. క్లబ్బు పెద్దాయన ఆమెను పైనుంచి కిందిదాకా చూసి, "పాపా, నీవి డేగ కళ్లు. గొంతు దగ్గర కాపలాకు మనిషి దొరకడం లేదు. ఈ ఒక్కసారికి నిలబడు, వచ్చే ఏడు చూద్దాం," అని నారింజరంగు కోటు ఆమె భుజాల మీద కప్పాడు.

వచ్చే ఏడూ మనిషి దొరకలేదు. ఆ పైఏడూ అంతే. గాలివానలో పొద్దున్నుంచి సాయంత్రందాకా నిలబడి, చేతులు కొయ్యబారిపోతుంటే, ఆవగింజలో సగం లేని దోమలు కనురెప్పల మీద వాలుతుంటే, పరాయివాళ్ల కాళ్లు చూడటానికి ఎవరు వస్తారు? కాపలా లేకపోతే పోటీ లేదు. ఆ సంగతి తెలిసి ఆమె కాదనలేకపోయింది. ఆడవాళ్లు కూడా ఎక్కవచ్చని క్లబ్బువాళ్లు ఒప్పుకునే నాటికి, ఆ కోటు ఇష్బెల్ ఒంటి మీద ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు.

అలాగని ఊరికే కూర్చోలేదు. వారమంతా బడి బస్సు నడిపేది. శని ఆదివారాల్లో బ్రెడ్డూ జున్నూ కోటు జేబులో కుక్కుకుని కొండ దారులు పట్టేది. లావు టైర్ల కొండ సైకిళ్లు ఆ లోయకు వచ్చిన మొదటి వేసవిలోనే ఒకటి కొంది. దాని మీద అడవి వాలులో దిగుతుంటే చెట్లు పక్కకు తప్పుకుంటున్నట్టు, నేల తన మోకాళ్లతో మాట్లాడుతున్నట్టు ఉండేదట. ఒకసారి మెడకింది ఎముక విరిగితే, విరిగిన చేత్తోనే రాతి గుడిసెదాకా నడిచి, పొయ్యి రాజేసుకుని, తెల్లారి దిగి వచ్చింది. ఎక్కిన శిఖరాలు ఎన్నో ఆమే చెప్పలేదు. కానీ ప్రతి మే నెలలో మాత్రం అదే బండ మీద, అదే కోటులో, ఇంకొకళ్ల కాళ్లు చూస్తూ నిలబడేది. నిద్రలో కూడా ఆ దారి ఎక్కేదాన్నని అనేది. నిద్రలో కూడా పై మలుపు రాకముందే మెలకువ వచ్చేదట.

ఆ ఏడు ఆమెకు చోటిచ్చినవాడు టార్క్విల్. గొర్రెల మందలవాడు, ఆమెతో కలిసి బడికి వెళ్లినవాడు. ఒకప్పుడు ఆ లోయలో అతన్ని మించిన బండివాడు లేడు. ఏళ్లనాడు అతని చేతిదాకా వచ్చిన కప్పు ఇష్బెల్ చూపించిన ఒక్క వేలి వల్ల పోయింది.

"తగల్లేదు!" అని అరిచాడు ఆ రోజు.

"తగిలింది."

"నాచుకు తగిలింది! రాయికి కాదు."

"నాచు కింద రాయే ఉంది, టార్క్విల్. కాపలామనిషి చూపించిందే లెక్క."

ఆ చలికాలమంతా ఆమెతో మాట్లాడలేదు. వసంతానికి గొర్రెపిల్లలు పుట్టాక, వాటి కోసం ఆమె బస్సు ఆపినప్పుడు, తనంతట తానే నవ్వేశాడు. ఆ నాచు మాట ఊళ్లో వాడుకైపోయింది. ఎవడైనా కుంటిసాకు చెబితే, నాచు కబుర్లు చెప్పకంటారు.

ఇప్పుడు భుజం పట్టేసి టార్క్విల్ బండెక్కడం మానేశాడు. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం ఇష్బెల్ ఇంటికొచ్చి, తలుపు మేకుకు వేలాడుతున్న నారింజ కోటు తీసి తనే తొడుక్కున్నాడు.

"ఏంటయ్యా ఇది?"

"ఈసారి నేను నిలబడతా. నువ్వెక్కు."

"ఆ బొజ్జకు బొత్తాలు పట్టవు."

"పట్టకపోతే తెరిచే ఉంచుతా. నోర్మూసుకుని పేరివ్వు."

ఆమె కాగితం వెతికి పేరు రాయడానికి కూర్చుంది. కెటిల్‌లో నీళ్లు మరిగి మరిగి ఇగిరిపోయాయి.

పోటీ రోజు వాన ఆగలేదు. ముందు వెళ్లిన కుర్రాళ్లందరూ గొంతులో జారారు. కొందరు సగంలోనే పడి బండిని వాగులోంచి లాక్కున్నారు. ఇష్బెల్ వంతు వచ్చినప్పుడు వాళ్లంతా గట్టు మీద గుమిగూడారు. హెల్మెట్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"బస్సు వస్తోంది, జరగండ్రా!" అన్నాడొకడు.

"పిల్లల్ని ఎక్కించుకోకుండా వెళ్తోందిరోయ్!" అన్నాడింకొకడు.

ఆమె నవ్వలేదు. జెండాల మధ్యకు వచ్చింది.

మొదటి రాతి మెట్టును బండి ముక్కుతో తడిమి, దాటింది. రెండో దాని మీద వెనక చక్రం జారబోయి, ఏదో గుర్తొచ్చినట్టు జారడం మాని, పట్టు దొరకబుచ్చుకుంది. ఇన్నేళ్లూ పైనుంచి చూసిన దారి కిందనుంచి వేరేలా ఉంది. బండలు దగ్గరగా, తడిగా, బతికున్న పెద్ద జంతువుల పక్కల్లా ఉన్నాయి. వాటి మధ్య ఆమె ఊపిరీ ఇంజన్ ఊపిరీ ఒకటయ్యాయి. పై మలుపు వచ్చింది. కలలో మెలకువ వచ్చేచోటు అదే. రాతి పగుల్లోంచి మొలిచిన రోవన్ మొక్క కింద నల్లని పలక వాలుగా ఉంది. అక్కడ బండి ఎడమకు ఒరిగింది. ఎడమ కాలిని పైకి లాగమని ఒళ్లంతా చెప్పింది. తుంటి వినలేదు. బూటు అంచు నాచును తాకింది, పిల్లిపిల్ల పాలను తాకినంత మెల్లగా. వెంటనే లేచింది. బండి పలకను దాటింది, పై జెండాలను దాటింది.

తల తిప్పి చూసింది. టార్క్విల్, బొత్తాలు పట్టని కోటులో, పిడికిలి ఎత్తి నిలబడి ఉన్నాడు.

గట్టంతా గోల. ఫినోలా ఏడుస్తోంది. ఎవరో ఈల వేశారు. ఇష్బెల్ బండిని బురదలోనే పడేసి, కుంటుకుంటూ టార్క్విల్ దగ్గరికి వెళ్లింది.

"ఒకటి," అంది.

"సున్నా."

"రోవన్ దగ్గర తగిలింది."

"నేను చూడలేదు."

"నా కళ్లలోకి చూసి చెప్పు ఆ మాట."

అతను వాన వైపు చూశాడు. గొంతు తగ్గించి, "చూశాను. అయితే ఏమైంది? నాచుకు తగిలింది. జూన్‌లో నీ తుంటి కోసేస్తారు. ఇక ఎప్పుడెక్కుతావు? నీకు రావలసిందే ఇచ్చాను," అన్నాడు.

"నాకు రావలసింది ఒకటి. నువ్విచ్చింది దానం. ఎత్తిన వేలు ఎవడి కోసమైనా దించానా నేను? నీ కోసం దించానా?"

"కాపలామనిషి చూపించిందే లెక్క," అన్నాడు టార్క్విల్. మొహం ఎర్రబడింది. "ఆ మాట ఎవరిది?"

ఆ మాటను ఆమే ఏళ్ల తరబడి అందరి మొహానా కొట్టింది.

సాయంత్రం ఊరి హాల్లో అందరూ చేరారు. గుడ్డలో కట్టి ఉడికించిన తీపి ముద్దను ముక్కలు కోసి పంచుతున్నారు. హీటర్ల మీద ఆరేసిన చేతితొడుగుల వాసన టీ వాసనతో కలిసింది. కప్పు ఎవరిదో చెప్పే ముందు ఇష్బెల్ పేరు చదివి, గొంతులో సున్నా అని చెప్పారు. హాలంతా లేచి నిలబడింది. ఆమె ముందుకు నడిచి చెయ్యెత్తింది.

"అది సున్నా కాదు. కాలు పెట్టాను. ఒకటి."

అందరూ నవ్వారు, ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. "ఇష్బెల్ కదా, తన మీద కూడా కాపలాయే!" అన్నారెవరో. క్లబ్బు కార్యదర్శి, ఒకప్పుడు ఆమె బస్సులో బడికెళ్లిన కుర్రాడు, ఆమె చేతులు పట్టుకుని, "నిబంధన మీకు తెలియందా ఆంటీ? టార్క్విల్ మార్చితేనే మారుతుంది," అన్నాడు. టార్క్విల్ అప్పటికే గొర్రెలు చూడాలని వెళ్లిపోయాడు.

ఆ తర్వాత రోజులన్నీ అలాగే నడిచాయి. రొట్టెల కొట్లో ఒకావిడ కౌగలించుకుంది. బస్సు స్టాపు దగ్గర పిల్లలు పిడికిళ్లు ఎత్తి చూపారు. "ఇక హాయిగా ఆపరేషన్ చేయించుకో, నీ కోరిక తీరింది," అంది డాక్టరమ్మ. తీరలేదని ఎవరికి చెప్పినా వినలేదు. చెప్పేకొద్దీ ఆమె వినయాన్నే మెచ్చుకున్నారు. ఒకటి అని అందరూ ఒప్పుకుంటే, కనీసం ఆ ఒకటైనా ఆమెకు మిగిలేది. ఆ ఒకటి ఎవరూ ఇవ్వరు.

"ఎవరైనా నన్ను తిడితే బావుండు," అంది ఫినోలాతో. "ఒక్కడు తిట్టడు!"

"నేను తిట్టనా అత్తా?"

"నీ మొహం. నీకు తిట్టడం ఎక్కడొచ్చు."

టార్క్విల్ ఒకసారి గుమ్మందాకా వచ్చి నారింజ కోటు మడిచి మెట్టు మీద పెట్టి వెళ్లాడు. ఆమె తలుపు తీయలేదు. తెల్లారి చూస్తే కోటు మీద మంచు ముత్యాలుగా నిలిచి ఉంది. లోపలికి తెచ్చి మేకుకు తగిలించింది.

ఆపరేషన్ వారం ముందు, ఒక మబ్బులేని పొద్దున, పక్కింటి తలుపు కర్రతో తట్టింది. ఆమె గురించి ఇదంతా రాస్తున్న నేను ఉండేది ఆ ఇంట్లోనే. "నడవగలవా? నీకొకటి చూపించాలి," అంది. మోటార్‌సైకిల్ తీయలేదు. కొండ సైకిల్‌ను కర్రలా పట్టుకుని, దాని మీద ఒరుగుతూ, ఆగుతూ, తన కాలిని బూతులు తిడుతూ, కొండంతా నడిచింది. గొంతు దగ్గరికి వచ్చాక సైకిల్‌ను గడ్డిలో పడుకోబెట్టి, బండలు పట్టుకుని పాకుతూ రోవన్ మొక్కదాకా ఎక్కింది.

నల్లని పలక మీద నాచు ఆకుపచ్చగా, మెత్తగా ఉంది. ఒక్కచోట మాత్రం బొటనవేలంత మేర ఊడిపోయి, కింద రాయి కనిపిస్తోంది. అంచున బూటు గీసిన గీత. వానలు పడినా పోలేదు.

ఇష్బెల్ ఆ ఖాళీలో వేలు పెట్టి చూపించింది.

"కనిపిస్తోందిగా? రాస్తే ఒకటని రాయి."