కచేరీ ఇల్లు

మా ఇల్లు ఒకప్పుడు మేజిస్ట్రేటు కచేరీ. దొరల హయాంలోనే ఆ కచేరీ నందికొట్కూరుకు మారిపోతే, కట్టడాన్ని నాయన వేలంలో పాడుకున్నాడు. ఆయన రాతిపని మనిషి. మూరెడు మందం గోడలు, టేకు దూలాలు, వాటి మీద ఇటుకలు నిలబెట్టి సున్నం దంచి వేసిన మిద్దె చూస్తే చాలు, ఆయనకు ఆకలిదప్పులు గుర్తుండవు. నాకు మాత్రం ఆ ఇంట్లో కాలు నిలిచేది కాదు. గిన్నె జారితే నాలుగు గోడలూ గద్దించేవి.

అన్నిటికన్నా నన్ను తినేసింది అవ్వ సంగతి. నాయనను కన్నతల్లి గడప దాటి లోపలికి రాదు. ఎండైనా వానైనా వసారాలోనే పడక, అక్కడే కూడు. ఆమె పెద్దకొడుకు అడవిలో కట్టెలు కొట్టిన నేరానికి ఈ కచేరీ బోనులోనే నిలబడి శిక్ష విన్నాడు. జైలుకు పోయినవాడు జ్వరమొచ్చి అక్కడే పోయాడు. తెలిసి తెలిసి ఈ ఇల్లే కావాలా అని నాయన మీద ఒళ్లు మండేది. హాల్లో ఇంకా అట్లే ఉన్న బోనూ అరుగూ, ఆ గుర్తులన్నీ పీకెయ్యమని రోజూ పోరు పెట్టాను. అవ్వ ఎందుకు రాదో అవ్వనే అడగాలని ఎవరికీ తోచలేదు.

ఒక వేసవిలో నాయన పనికి దిగాడు. మేజిస్ట్రేటు కూర్చునే అరుగు పగలగొట్టాడు. బోను విప్పి పొయ్యిలోకి ఇచ్చాడు. దాని కాళ్లు దిగిన బండలను కూడా పెకలించి, బేతంచెర్ల నాపరాళ్లు తెప్పించి హాలంతా ఒకే తీరుగా పరిచాడు. పాత బోను ఎక్కడుండేదో నాకే అంతుపట్టలేదు.

"ఇంగ లోపలికి రామ్మా. ఏ గుర్తూ లేకుండా చేసినా," అని అవ్వ చెయ్యి పట్టుకున్నాడు.

అవ్వ లేచింది. గడప దాటి హాలు మధ్యకు వచ్చి, నేలంతా కలయజూసింది.

"మీ యన్న యాడ నిలబడినాడ్రా?"

నాయన ఒకచోట చూపించాడు. కాదంటూ రెండడుగులు జరిగి ఇంకోచోట చూపించాడు. కిటికీని చూసి లెక్క వేసుకున్నాడు, మళ్లీ జరిగాడు. ఆయన మొహమంతా చెమటలు.

"ఆ పొద్దు నన్ను లోపలికి రానీలేదు. వాడు నిలబడిన తావులో ఒక్కసారన్నా నిలబడదామని ఇన్నేండ్లు ధైర్యం తెచ్చుకుంటాండా," అంది అవ్వ.

నాయన గడ్డపార తెచ్చి, తాను పరిచిన రాళ్లను ఒక్కొక్కటే లేపసాగాడు. ప్రతి రాయి కిందా వంగి చూశాడు. ఇసుక తప్ప ఏమీ లేదు.