లోకనాథన్ హస్తవాసి

రెడ్డియార్‌పాళయంలో ఎవరినైనా అడగండి, టికెట్ల లోకనాథన్ హస్తవాసి మంచిదంటారు. అలా అన్నవాళ్ల నోట్లో మన్ను పడ! ఒకప్పుడు నేనూ అన్నాను. నా పేరు జయప్రియ. తొమ్మిదేళ్లుగా ఆయన ట్రావెల్స్ కొట్టులో కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాను.

ఆయనకు రెండు గొప్పలు. ఒకటి, జాగ్రత్తల కాగితం. గొడవలున్న దేశానికి ఎవరైనా పనికి వెళ్తుంటే, సర్కారు వెబ్‌సైట్‌లో ఉన్న హెచ్చరికలన్నీ నా చేత ప్రింటు తీయించి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ ఇంగ్లీషునంతా, ఈ తమిళ ఊళ్లో మేం ఇళ్లల్లో మాట్లాడుకునే తెలుగులో ఒక్క ముక్క వదలకుండా చెబుతాడు. గుంపుల దగ్గరికి పోవద్దు, సైనికులను ఫొటో తీయొద్దు, అడిగినచోటల్లా కాగితాలు చూపించు. మా వాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే గానీ చదవటం రాదు, ఇక ఇంగ్లీషు సంగతి చెప్పాలా? నోళ్లు తెరుచుకుని వింటారు.

రెండోది బొట్టు. చదవటం అయ్యాక పాస్‌పోర్టులో వీసా ఉన్న పేజీ తీసి, తడి కుంకుమలో ఉంగరం వేలు ముంచి, మూలన ఒక బొట్టు పెట్టి చేతికిస్తాడు. కొత్త బండికి పెట్టమా, కొత్త బీరువాకి పెట్టమా, అలాగే. సింగపూర్ వెళ్లినవాళ్లూ దుబాయ్ వెళ్లినవాళ్లూ ఆ బొట్టుతోనే వెళ్లి, ఆ బొట్టుతోనే తిరిగొచ్చారు. హస్తవాసి పేరు అలా వచ్చింది.

పోయిన ఏడాది గోరిమేడు నుంచి చిన్నమ్మాళ్ వచ్చింది. ఆసుపత్రిలో ఆయా పని. మొగుడు లేడు, ఒక్కడే కొడుకు ఇళవరసన్. మేట్టుపాళయంలో వెల్డింగ్ పని పోయి, ఏడాదిగా ఇంట్లో కూర్చున్నాడు. వాడికి పని దొరికిన దేశంలో సైన్యం గద్దెనెక్కి నెలే అయింది. లోకనాథన్ కాగితం చదివాడు. అందులో ఏడో మాట ఇది: వీసా పేజీ మీద రాత, మరక, ఏ గుర్తూ ఉండకూడదు. ఉంటే దొంగ వీసా అని పట్టుకుంటారు.

"విన్నావా అక్కా? చిన్న గీత గూడా ఉండగూడదు," అని గట్టిగా రెండుసార్లు చెప్పాడు.

"సరి అన్నా," అంది చిన్నమ్మాళ్. ఇళవరసన్ తల ఊపాడు.

ఆ వెంటనే లోకనాథన్ భరిణె తీశాడు. వేలు ముంచాడు. పెట్టాడు. తల్లి కళ్లకద్దుకుంది. నేనూ చూస్తూనే ఉన్నాను. బీకాం చదివిన దాన్ని, నా బుద్ధి గడ్డి తిన్నది.

విమానం ఎక్కాక వాడి నుంచి ఫోన్ లేదు. ఎనిమిది నెలలు. ప్రతి శుక్రవారం చిన్నమ్మాళ్ మారియమ్మ గుడి కుంకుమ పొట్లం తెచ్చి భరిణె నింపేది. "నీ బొట్టు ఉండాది గదన్నా, నా బిడ్డకేం గాదు," అనేది. ఆయన ఆ కుంకుమే ఇంకొకరి పాస్‌పోర్టుకు పెట్టేవాడు.

మొన్న మంగళవారం ఆమె ఒక కవరు తెచ్చింది. ఆ దేశంలోని మన రాయబార కార్యాలయం పంపిన ఇంగ్లీషు ఉత్తరం. లోకనాథన్ చదవసాగాడు. విమానాశ్రయంలో సైన్యం రెండు ముక్కలై కొట్టుకుంది, ఒక గది అంటుకుంది, అందులో ఇళవరసన్ పోయాడు. అంతవరకు చెప్పి కాగితం మడిచాడు.

చిన్నమ్మాళ్ నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది. ఏడ్చి ఏడ్చి, చివరికి ఆయన కాళ్ల వైపు చూస్తూ, "నువ్వు బొట్టు పెట్టినా గూడా పోయినాడే! నీ తప్పేముందన్నా, ఆ మారియమ్మ తల్లికే కండ్లు లేవు," అంది.

అవునన్నట్టు తల ఊపాడు లోకనాథన్.

ఆ తల ఊపటం చూసి నాకు ఒళ్లు మండింది. లేచి, కాగితం లాక్కుని, ఆయన మింగేసిన రెండు వాక్యాలు చదివాను. వీసా పేజీ మీద ఎర్ర గుర్తు ఉన్నందుకు ఇళవరసన్ ఒక్కడినే ఆ గదిలో పెట్టారు. అదే విమానంలో పనికని దిగిన మన దేశం వాళ్లు మిగతా పదకొండు మందీ బయటపడి, ఓడలో ఇల్లు చేరారు. న్యాయం కోసం చదివానని చెప్పను. నా కోపం తీరటానికి చదివాను. చిన్నమ్మాళ్ ముఖం చూశాక, నా నాలుక తెగిపోతే బాగుండుననిపించింది.

చిన్నమ్మాళ్ ఏడుపు ఆగిపోయింది.

"నువ్వే గదన్నా చదివినావు, గుర్తు ఉండగూడదని," అంది మెల్లగా. "నేనూ విన్నాను. సామి బొట్టు గదా, అది లెక్కలోకి రాదనుకున్నా."

"నేనూ అట్లే అనుకున్నా అక్కా," అన్నాడు లోకనాథన్.

"ఏ వేలన్నా అది?"

ఆయన చెయ్యి బల్ల కిందికి పోయింది. ఆమె లేచి నిలబడి, అలాగే చూస్తూ ఉంది. చివరికి చెయ్యి పైకి తీసి ఉంగరం వేలు చూపించాడు. పొద్దున ఎవరికో పెట్టాడు, ఇంకా ఎర్రగానే ఉంది. చిన్నమ్మాళ్ ఆ వేలిని పట్టుకుని, తన చీర చెంగుతో గోరు సందుల్లో కూడా మిగలకుండా తుడిచింది. తుడిచి, ఉత్తరం అక్కడే వదిలేసి బస్సు కోసం రోడ్డు మీదికి వెళ్లింది.