బిగువు తెలిసిన చేయి

మా అక్క భర్త ఏసుదాసు మేస్త్రి ఇక లేరు. మొన్న ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, భోంచేసి, దర్శిలోని ఇంటి వరండాలో నడుం వాల్చి, ఆ నిద్రలోనే ప్రభువు సన్నిధికి చేరుకున్నారు. టీ ఇచ్చి లేపబోయిన అక్కకు చల్లబడిన చేయి తగిలింది. కబురు విని నిశ్చేష్టుణ్ణయ్యాను. ఇప్పటికీ పత్తిచేల మీదుగా ఏ ఆయిలింజన్ చప్పుడు తేలివచ్చినా బావగారు అక్కడే ఉన్నారనిపిస్తుంది. ఏది స్వప్నమో ఏది సత్యమో తెలియడం లేదు.

ఇంజన్లు బాగుచేసే షెడ్డు మేమిద్దరం కలిసి నడిపాం. ఇంజను పైమూతను పట్టి ఉంచే హెడ్డు బోల్టులు బిగించడంలో ఆయనది అపురూపమైన హస్తవాసి. మరలకు నూనె రాసి, ముందు అన్నిటినీ వేళ్లతోనే తిప్పేవారు. తర్వాత పానా పట్టి, నడిమి నుంచి మొదలుపెట్టి, ఇటొకటి, దానికి ఎదురుగా అటొకటి, కొంచెం కొంచెంగా, విడతలుగా బిగించేవారు. ఆ వేళ అరమోడ్పు కన్నులతో ధ్యానమగ్నుడిలా కనిపించేవారు. "ఒక పక్కే బిగిస్తే రెండో పక్క లేస్తుందిరా" అనేవారు.

దర్శి పక్క పల్లెలో వెంకయ్య, సుబ్బయ్య అని అన్నదమ్ములున్నారు. పొలాలు పంచుకున్నా బావి, ఇంజను ఉమ్మడిగానే మిగిలాయి. ఇద్దరికీ మాటల్లేవు. ఆ ఏడు మిరప పూత మీదుండగా ఇంజను మూత కింద నీళ్లు కారకుండా వేసే హెడ్డు గ్యాస్కెట్ పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. బావగారు వెళ్లి నిదానంగా అడిగితే సంగతి బయటపడింది. నీళ్లు కారుతున్నాయని, రెండోవాడు లేనప్పుడు వచ్చి, తన వైపు బోల్టులను మాత్రం ఎవరికి వారు బలంకొద్దీ బిగిస్తున్నారు.

బావగారు మరో గ్యాస్కెట్ అమర్చి, చెరొక పానా వాళ్ల చేతుల్లో పెట్టి, ఇంజనుకు అటొకరిని ఇటొకరిని నిలబెట్టారు.

"నువ్వు కాస్త తిప్పి తమ్ముడికి చెప్పు. తను తిప్పి నీకు చెబుతాడు."

"మీరే చెప్పండి మేస్త్రీ" అన్నాడు వెంకయ్య.

"నేను చెప్పను. ఎండేది నా తోట కాదుగా."

వాడిన మొక్కల మీద ఎండ కలలోలా నిలిచిపోయింది. చివరికి పెద్దవాడు పానా తిప్పి, తలెత్తకుండానే, "ఒరేయ్, ఇక నువ్వు" అన్నాడు.

"తిప్పాను. ఇక నువ్వు కానియ్ అన్నా" అన్నాడు సుబ్బయ్య.

పొద్దు వాలేసరికి కాలవలో నీళ్లు మెరిశాయి. తిరుగుదారిలో అడిగాను: "వాళ్లు కలిసిపోతారంటావా బావా?"

"అదెవరికి తెలుసు. తోటకైతే నీళ్లొచ్చాయి" అన్నారాయన.

ఇంజను వేడెక్కి చల్లారాక బోల్టులు మరోసారి చూసుకోవాలి. ఆ పనికి వాళ్లు మమ్మల్ని పిలవలేదు. ఇద్దరే చూసుకున్నారట.

ఈ మెట్టసీమలో మేస్త్రీలకు కొదవ లేదు. ఆ సహనమూర్తి స్థానం మాత్రం పూడేది కాదు. ఆయన పుణ్యస్మృతికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

నిన్న షెడ్డు తెరిచాను. ఆయన శనివారం విప్పిపెట్టిన ఇంజను కోసం రైతు వచ్చి కూర్చున్నాడు. ఆయన చూపిన వరసలోనే బిగించుకుంటూ వచ్చాను. చివరి బోల్టు దగ్గర చేయి ఆగింది. ఇంకాస్త తిప్పాలా, ఇక చాలా అని అడగడానికి పక్కకు తిరిగాను.