వస్తా... ఆ తర్వాత గరగర

శ్రీలంకలో గాలే అనే రేవు బయట, నడిసముద్రంలో లాంచి మీంచి నార్వే షిప్పు ఎక్కినాం. పొద్దున ఆరున్నర. తాడు నిచ్చెన, మెట్లకు ఉప్పునీళ్ల జిగట. నలుగురం, నలుగురమూ మిలిటరీలో రిటైరైనోళ్లమే. తలా ఒక రైఫిలు, బుల్లెట్ జాకెట్టు, ఇనుప టోపీ. షిప్పుకు కాపలా మా పని, నేను ఇన్‌ఛార్జి. షిప్పు కడుపులో గోధుమలు. పోయేది ఎర్రసముద్రంలోకి.

నంద్యాల బస్టాండు కాడ టీ తాగేటోళ్లు నన్ను ఒకటే అడుగుతారు. "ఎంతమందిని కాల్చినావప్పా?" ఎద్దు పుండు కాకికేం నొప్పి! ఒక్కన్ని గూడా కాల్చలే. ఆ యుద్ధం పైనుంచి వచ్చేది. డ్రోన్లు, మిసైళ్లు. ఎవురి మీద ఎవురికి కోపమో, దారినపోయే దానయ్య మాదిరి పోయే సరుకు షిప్పుల్ని కొడతాండారు. పిట్టంత డ్రోనుకు రైఫిలు గురిపెట్టి చూడండి, తెలుస్తాది.

మేం రైలింగుకు ముళ్లకంచె బిగిస్తాంటే ఇంజను రూము ఫిట్టరు వచ్చినాడు. చేతుల నిండా గ్రీసు. పాత బట్టల్లో గుడ్డపీలికలు కూరి బొమ్మను చేసి, దూరానికి కాపలా మనిషి మాదిరి కనపడాలని కంచెకు కట్టినాడు. కట్టి, తనలో తానే తెలుగులో గొణిగినాడు. "మా శెనగ చేన్లో దిష్టిబొమ్మ దీనికంటే మేలు."

నాకు ప్రాణం లేచొచ్చింది. "యాడప్పా మీది?"

"చాగలమర్రి. నీది?"

"గోస్పాడు."

"ఓర్నీ! ఈడ దొరికినావా అన్నా!"

పేరు దావీదు. ఊర్లో ఆదివారం చర్చిలో పాటలు పాడేటోడంట. ఆ గొంతు నా వాకీటాకీలో రోజూ మోగేది. "అన్నా, అన్నం తిన్యావా?" కెప్టెను నార్వే ఆయన, పెద్ద మనిషి, తిట్టేది తెలీదు, చెప్పేది ఒకసారే. రేడియోలో ఇంగ్లీషే మాట్లాడాల, వినే అందరికీ అర్థం కావాల అన్యాడు. దావీదు "ఎస్ సర్" అంటాడు, మళ్లా నాతో తెలుగే. పిలిస్తే "వస్తాండా" అనేటోడు. డ్యూటీ దిగి రేడియో కట్టేసేటప్పుడు "వస్తానన్నా" అనేటోడు. పోయేటోడు పోతా అనగూడదు గదా, మీకు నేను చెప్పాల్నా.

ఎర్రసముద్రంలో మూడో రోజు. మధ్యాన్నం రెండుంబావు. గాలి లేదు, ఎండకు డెక్కు మీద చెయ్యి పెట్టలేం. "డ్రోన్! వెనక!" అని మావాడు అరిసినాడు. నలుగురం కాల్చినాం. తగల్లే. అది పొగగొట్టం కింద గుద్దింది. ఇంజను రూము అంటుకుంది.

డెక్కు మీద తలలు లెక్కపెడితే ఇద్దరు తక్కువ. సెకండ్ ఇంజనీరు కిందనే చిక్కినాడు. దావీదు పైకి వచ్చినోడే, గాలి సిలిండరు తగిలించుకోని మళ్లా దిగినాడంట. ఎవరూ పొమ్మనలే.

ఇంజను రూము మంటకు ఆఖరి మందు గ్యాసు. తలుపులన్నీ మూసి వదిలితే మంటకు ఊపిరాడదు. మనిషికీ ఆడదు. అందుకని లోపల ఎవురూ లేరని తేలినాకే వదలాల.

సెకండ్ ఇంజనీరు పాక్కుంటా బయటపడినాడు. "ఫిట్టరే నన్ను పైకి తోసినాడు" అని దగ్గుతా చెప్పినాడు.

అప్పుడు నా వాకీటాకీ పలికింది. ఇంగ్లీషు కాదు.

"అన్నా... వస్తా..."

ఆ తర్వాత గరగర.

"ఏమన్నాడు?" కెప్టెను అడిగినాడు.

"కమింగ్, సర్."

ఆగినాం. "దావీదూ, యాడుండావ్? పలుకు రా నాయనా!" గరగర. గోడ అవతల నూనె ట్యాంకు. గోడకు పెయింటు బొబ్బలెక్కుతాంది. ఇంక ఆగితే అందరం కాలిపోతాం అన్యాడు చీఫ్ ఇంజనీరు. కెప్టెను ఇంకొంచెం ఆగినాడు. ఎవురూ రాలే. తలుపు మూయించినాడు. గ్యాసు పిడి మాత్రం ఇంకొకరికి చెప్పలే. తానే గుంజినాడు.

మంట చచ్చింది. మర్నాడు తలుపు తెరిస్తే దావీదు నిచ్చెన మొదట్లో ఉండాడు. ఒక చెయ్యి మెట్టు మీద. ఎక్కబోయినాడో, కూలబడినాడో.

ఇంకో షిప్పు మమ్మల్ని గుంజుకపోయి రేవు చేర్చినాక కెప్టెను నన్ను తన గదికి పిలిపించినాడు. "ఆ మాటకు కమింగ్ అనేనా అర్థం?"

"సగమే ఇనపడింది సర్. వస్తాండా అని ఉంటే కమింగే. వస్తానన్నా అని ఉంటే సెలవు తీసుకున్యాడని."

"పోయేవాడు వస్తానంటాడా?"

"మా దిక్కు అందరం అట్లే అంటాం, సర్."

ఆయన టోపీ తీసి టేబుల్ మీద పెట్టినాడు. సెలవు తీసుకునింటే, ఇంక పైకి రాలేనని దావీదుకే తెలిసిపోయింది. వస్తాండింటే, ఎక్కుతాండే మనిషి మీద మేం గ్యాసు వదిలినాం. రెండిట్లో ఏదో చెప్పమని నా మొగంలోకి చూస్తాండాడు. నేను యాడ తెచ్చేది? ఆ పెద్దాయన నా ముందరే ఏడ్చినాడు. నాకు ఏడుపు రాలే, కోపమొచ్చింది. కొట్టినోళ్ల మీద, ఆ పాడు రేడియో మీద, మన తెలుగు మీద గూడా.

ఇంటికి చేరిన మరుసటి పొద్దు ఆళ్లగడ్డ మీదుగా పోయే బస్సెక్కి చాగలమర్రిలో దిగినా. పెట్టె నాకంటే ముందే వచ్చింది, సమాధి అయిపోయింది. దావీదు భార్య మార్తమ్మ చాప పరిచి, నీళ్లిచ్చి కూచుంది. "ఆఖరికి ఏమన్యాడన్నా?"

గ్యాసు సంగతి ఆ యమ్మకు తెలుసు. కంపెనీవాళ్లు చెప్పినారంట. అందుకే అడుగుతాంది. ఇనపడింది ఇనపడినట్లు చెప్పినా. నీళ్ల గ్లాసు తీసుకపోయి లోపల పెట్టొచ్చింది.

నేను లేచినా. చావు జరిగిన ఇంట్లోంచి లేస్తే ఎవురికీ చెప్పకుండా పోవాల. వస్తా అనగూడదు. గమ్మున చెప్పుల్లో కాళ్లు పెట్టినా.

"అన్నా" అని ఆపింది. "ఆయన ఎట్ల అన్యాడో, అట్లనే ఒకసారి అను."

"వద్దమ్మా. ఈ ఇంట్లో అనగూడని మాట అది."

"నా ఇల్లే గదా. అను."

"అన్నా... వస్తా..." అన్యా. ఆడికి ఆపినా. అంతకుమించి నాకు రాదు.

ఆ యమ్మ వాకిలి పట్టుకోని, తల ఒక పక్కకు వంచి, నా నోటి దిక్కే చూస్తా నిలబడింది. ఇంకా మాట మిగిలుంది, ఇప్పుడొస్తాది అన్నట్లు. నేను రోడ్డెక్కి, బస్సెక్కి, కిటికీలోంచి చూసినా. అట్లనే నిలబడి ఉంది.